మళ్లీ జట్లు పంచుకుందాం

వీధిలో ఆడుకునే పిల్లలను కాసేపు నిలబడి గమనించినవారికి ఒక సంగతి అర్థమవుతుంది. ఆట ఒకవైపే మొగ్గితే వాళ్లు దాన్ని ఎక్కువసేపు అలా సాగనివ్వరు. ఒక జట్టు వరసగా రెండు ఆటలు గెలిచిందంటే, మూడో ఆటకు ముందే ఎవరో ఒకరు 'మళ్లీ జట్లు పంచుకుందాం' అంటారు. బాగా ఆడేవాణ్ని అటు పంపి, అటునుంచి ఇద్దరు చిన్నవాళ్లను ఇటు తెచ్చుకుంటారు. ఒకడు మిగిలిపోతే రెండు జట్లకూ వాడే బ్యాటింగ్ చేస్తాడు. అక్క వెంట వచ్చిన అయిదేళ్ల తమ్ముణ్ని పొమ్మనరు. ఆటలో అరటిపండును చేసి నిలబెడతారు. వాడికి బంతి విసరరు, మెల్లగా దొర్లిస్తారు. వాడు అవుటైనా ఎవరూ లెక్కపెట్టరు. తొండి చేశావంటూ తగాదాలు, అలకలు, బ్యాటు నాది కాబట్టి ఇంటికి పట్టుకుపోతానన్న బెదిరింపులు అన్నీ ఉంటాయి. గెలవాలన్న కోరిక వాళ్లకేం తక్కువ కాదు, మోకాళ్లు దోక్కుపోయేలా పరుగెత్తేది గెలవడానికే. కానీ గెలవాలంటే ముందు ఆట సాగాలి. ఆట సాగాలంటే అవతలివాళ్లు నిలవాలి. వాళ్లు నిలవాలంటే వాళ్లకూ గెలుస్తామన్న ఆశ కాస్త మిగలాలి. ఈ లెక్క ఏ కోచ్ నేర్పకుండానే పిల్లలకు తెలుసు.

మన చెడుగుడులోనూ ఉన్నది ఈ లెక్కే. అవుటై గీత బయట కూర్చున్నవాడు, తనవాళ్లు అవతలివాణ్ని పడగొట్టగానే బతికి మళ్లీ బరిలోకి వస్తాడు. ఓడినవాడు ఇంటికి పోకూడదన్న ఆలోచన ఆ ఆట నియమంలోనే ఉంది.

ఈ లెక్క తప్పడం పిల్లల ఆట పెద్దల చేతుల్లోకి వచ్చాకనే మొదలవుతోంది.

ముంబయి దగ్గరి కల్యాణ్‌లో 2016 జనవరి 4, 5 తేదీల్లో ఒక పాఠశాలల క్రికెట్ మ్యాచ్ జరిగింది. భండారీ కప్పు, అండర్-16 టోర్నీ. అందులో ప్రణవ్ ధనవాడే అనే పదిహేనేళ్ల కుర్రాడు 1009 పరుగులు చేసి నాటౌట్‌గా నిలిచాడు. 129 ఫోర్లు, 59 సిక్సర్లు. 1899లో ఇంగ్లండులో ఏఈజే కాలిన్స్ అనే పదమూడేళ్ల బడిపిల్లవాడు కొట్టిన 628 పరుగుల రికార్డు 116 ఏళ్లు చెక్కుచెదరకుండా నిలిచి, కల్యాణ్‌లో ఒక్క దెబ్బకు చెరిగిపోయింది. ఆటోడ్రైవర్ కొడుకు సాధించిన ఆ ఘనతను దేశమంతా మెచ్చుకుంది. మెచ్చుకోవలసిందే. రెండు రోజులు ఎండలో నిలబడి వికెట్ పారేసుకోకుండా ఆడటం పదిహేనేళ్ల పిల్లవాడికి చిన్న పని కాదు.

ఆ స్కోరుబోర్డు రెండో వైపును మాత్రం చూసినవారు తక్కువ. ప్రణవ్ జట్టు 3 వికెట్లకు 1465 పరుగుల దగ్గర డిక్లేర్ చేసింది. అవతలి జట్టు మొదటి ఇన్నింగ్స్‌లో 31, రెండో ఇన్నింగ్స్‌లో 52 పరుగులకు ఆలౌటైంది. తేడా ఇన్నింగ్స్ 1382 పరుగులు. పదో తరగతి చదువుల కారణంగా పెద్ద పిల్లలు రాలేక, ఎక్కువగా చిన్న తరగతులవాళ్లతో అవతలి బడి జట్టును దించిందని అప్పట్లో పత్రికలు రాశాయి. ఒక్క ప్రణవ్ బ్యాటు నుంచే 188 సార్లు బంతి హద్దు దాటింది. ప్రతిసారీ ఎవరో ఒక పిల్లవాడు వెనక్కి నడిచి వెళ్లి, బంతి వెతికి తెచ్చి, బౌలింగ్ వేసే స్నేహితుడికి అందించాడు. ఆ స్నేహితుడు మళ్లీ రనప్ కొలుచుకుని పరుగెత్తాడు. వాళ్లలో ఎవరూ మైదానం వదిలిపోలేదు. ఆ రెండు రోజుల్లో ప్రణవ్ చూపినంత ఓర్పునూ ఆ పదకొండుమంది కూడా చూపారు. వాళ్ల ఓర్పును రాసుకోవడానికి స్కోరుకార్డులో గడి లేదు.

అదే ఆట వీధిలో జరిగి ఉంటే రెండు వందల పరుగుల దగ్గరే ఎవరో ఒకరు ఆపి, జట్లు మార్చేవారు. అక్కడేమో ఇద్దరు అంపైర్లు, రెండు జట్ల కోచ్‌లు, నిర్వాహకులు ఉన్నారు. మొదటిరోజు ఆట ముగిసి అందరూ ఇళ్లకు వెళ్లి రాత్రి ఆలోచించుకునే వ్యవధి కూడా ఉంది. రెండోరోజు ఉదయం కెమెరాలొచ్చాయి, ఇన్నింగ్స్ కొనసాగింది. అందులో ఏ ఒక్కరినీ తప్పుపట్టలేం. నియమం ఒప్పుకుంది కాబట్టి సాగింది. పిల్లల ఆటకు పెద్దల నియమాలు పెట్టి, వాటిలో దయకు చోటు లేకుండా చేసినప్పుడు జరిగేది ఇదే.

ఆ గెలుపు గెలిచినవాడికైనా మేలు చేసిందా అంటే, వెంటనే అవునని చెప్పలేం. ముంబయి క్రికెట్ సంఘం ప్రణవ్‌కు నెలకు పదివేల రూపాయల ఉపకార వేతనం అయిదేళ్లపాటు ఇస్తామంది. తర్వాత ఏడాదికే ఆట సన్నగిల్లి, ఆ డబ్బు ఆపేయమని 2017లో తండ్రే సంఘానికి రాశారు. కొడుకు ఆడలేకపోతున్నప్పుడు ఆ సాయం తీసుకోవడం ధర్మం కాదనుకున్న ఆ తండ్రి నిజాయతీకి చేతులెత్తి మొక్కాలి. పదిహేనేళ్లకే వెయ్యి పరుగుల బరువు నెత్తికెక్కిన పిల్లవాడు, తర్వాత ప్రతి మైదానంలోనూ ఆ అంకెతో పాటే దిగాల్సి వచ్చింది. ఇరవై పరుగులకు అవుటవడం ఏ కుర్రాడికైనా మామూలే. అతనికి మాత్రం అది వార్త అయింది.

గెలుపు బరువు మోసేది రికార్డులు కొట్టినవాళ్లే కాదు. హైదరాబాదులోనో విజయవాడలోనో అండర్-11 బ్యాడ్మింటన్ టోర్నీ జరిగే ఇండోర్ హాలుకు ఒక ఆదివారం ఉదయం వెళ్లి చూడండి. షటిల్ నేలన పడగానే పాప కళ్లు అంపైరు వైపు పోవు, గ్యాలరీలో ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్న నాన్న వైపు పోతాయి. పాయింటు వచ్చినా అటే, పోయినా అటే. పదకొండు పాయింట్ల దగ్గర ఇచ్చే నిమిషం విరామంలో నీళ్లు తాగే తీరిక కూడా ఉండదు. కోర్టు వెనక నుంచి కోచ్ ఒకటి చెబుతాడు, గ్యాలరీ నుంచి నాన్న ఇంకొకటి సైగ చేస్తాడు. రెండు మాటల మధ్య నలిగిన పాప సర్వీసు నెట్‌కు తగిలిస్తుంది. సాయంత్రం ఊరి నుంచి అమ్మమ్మ ఫోన్ చేస్తుంది. ఆమెకు బ్యాడ్మింటన్ నియమాలేవీ తెలియవు. ఆమె అడిగేదీ 'గెలిచావా తల్లీ?' అనే.

ఆ తండ్రిని నిందించడం సులువు. అతని వైపు నుంచీ చూడాలి. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి బిడ్డను స్కూటరు మీద అకాడమీకి తీసుకువెళ్లేది అతనే. అకాడమీ ఫీజు, బూట్లు, రాకెట్ తంత్రులు, ఒక పూట సాధనకే ఈకలు విరిగిపోయే షటిళ్లు, టోర్నీలకు రైలు చార్జీలు అన్నీ అతని జీతంలోంచే రావాలి. ఆటకోసం బడిలో హాజరు తగ్గుతోంది. చదువు వెనకబడితే రేపేమిటన్న భయం రాత్రిళ్లు నిద్రపోనివ్వదు. రాష్ట్రస్థాయిలో ఆడిన సర్టిఫికెట్ ఉంటే స్పోర్ట్స్ కోటాలో సీటో ఉద్యోగమో వస్తుందన్న ఆశ ఒక్కటే అతనికి ధైర్యం. ఆ సర్టిఫికెట్ గెలిచినవాళ్లకే వస్తుంది. గెలుపు మీద ఇంత ఆత్రం పెంచింది ఒక్క తండ్రి మనసు కాదు. ఆటను సీటుకు, కొలువుకు మెట్టుగా తప్ప మరోలా చూడని మన ఏర్పాటు కూడా పెంచింది. కాబట్టి తల్లిదండ్రులకు నీతులు చెప్పి ఊరుకుంటే సరిపోదు, పోటీలు నడిపే తీరే మారాలి.

ఈ ఆత్రం ముదిరితే ఎక్కడికి పోతుందో అందరికీ తెలుసు. పుట్టినతేదీ సర్టిఫికెట్లు మారతాయి. పదహారేళ్లవాడు పధ్నాలుగేళ్లవాడై బరిలో దిగుతాడు. ఆ మోసాన్ని పట్టుకోవడానికే మన క్రికెట్ బోర్డు పిల్లల మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు లెక్కగడుతోంది. రాహుల్ ద్రావిడ్ 2015 డిసెంబరులో ఢిల్లీలో పటౌడీ స్మారకోపన్యాసం చేస్తూ ఈ విషయంపై గట్టిగా మాట్లాడారు. వయసు దాచడం కూడా మ్యాచ్ ఫిక్సింగ్ లాంటి తప్పే అన్నది ఆయన వాదన. నిజాయతీగా ఆడే పిల్లవాడి చోటు పోవడం ఒక నష్టమైతే, అబద్ధం చెప్పమని ఒక పిల్లవాడికి కన్నవాళ్లు, కోచ్ కలిసి నేర్పడం అంతకన్నా పెద్ద నష్టం. బంతి పట్టడం కన్నా ముందు వాడు నేర్చుకున్నది అది.

ద్రావిడ్ మాటలతో ఆగలేదు. అండర్-19, భారత్-ఏ జట్ల కోచ్‌గా ఉన్న కాలంలో ఆయన పాటించిన పద్ధతి మన ప్రతి పాఠశాల వ్యాయామ ఉపాధ్యాయుడికీ చేరాలి. తనతో భారత్-ఏ జట్టు పర్యటనకు వచ్చే ప్రతి ఆటగాడికీ కనీసం ఒక మ్యాచ్ ఆడిస్తానని ముందే మాట ఇచ్చేవారు. అండర్-19 జట్టులోనూ మ్యాచ్ మ్యాచ్‌కూ అయిదారుగురిని మార్చేవారు. కుర్రతనంలో తాను అలాంటి పర్యటనకు వెళ్లి, ఒక్క అవకాశమూ రాక బెంచీ మీద కూర్చుని తిరిగొచ్చిన బాధ ఆయనకు గుర్తుంది. ఒక కుర్రాడు ఒక్క అండర్-19 ప్రపంచకప్పే ఆడాలన్న నియమాన్ని 2016లో క్రికెట్ బోర్డు తెచ్చింది. అనుభవమున్న పాత కుర్రాళ్లనే మళ్లీ దించితే కప్పు తేలిగ్గా వస్తుంది. కొత్తవాళ్లకు చోటివ్వాలనుకుంటే కప్పు రాకపోయినా సరేనని సిద్ధపడాలి. అలా సిద్ధపడిన జట్టే 2018లో ఆ కప్పు గెలిచింది కూడా.

'లోకమే పోటీ మీద నడుస్తోంది, చిన్నప్పుడే అలవాటు చేయకపోతే రేపు నిలబడలేరు' అనేవారు ఉన్నారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. ఓడిపోవడం అలవాటైనవాడే గెలుపుదాకా నిలుస్తాడు. మన పీవీ సింధునే తీసుకోండి. 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్లో ఓడింది. 2017 గ్లాస్గో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో జపాన్ క్రీడాకారిణి ఒకుహరాతో 110 నిమిషాలు పోరాడి ఓడింది. 2018లో గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల ఫైనల్, నాన్‌జింగ్ ప్రపంచ ఫైనల్, జకార్తా ఆసియా క్రీడల ఫైనల్ వరసగా ఓడింది. ఫైనల్లో గెలవలేదన్న ముద్ర కూడా వేశారు. 2019 ఆగస్టులో బాసెల్‌లో అదే ఒకుహరాను 21-7, 21-7తో ఓడించి ప్రపంచ విజేత అయింది. ఆ ఓటములన్నీ ఆమె తట్టుకోగలిగిందంటే, ఓటమి తర్వాత కూడా మర్నాడు ఉదయం సాధనకు వెళ్లే చోటు, ఇంట్లో ఆటను లోపలినుంచి ఎరిగిన, వాలీబాల్ క్రీడాకారులైన తల్లిదండ్రులు ఆమెకు ఉండబట్టే. తొమ్మిదేళ్లకే ఒక ఓటమితో ఆట మానేసిన పాపకు ఆ అలవాటు ఎప్పటికి వస్తుంది? రియో ఫైనల్ ముగిశాక, తనను ఓడించిన మరిన్ కోర్టు మీద పడి ఏడుస్తుంటే, సింధు అటువైపు వెళ్లి ఆమెను లేపి కౌగలించుకుంది, నేలమీద పడిన ఆమె రాకెట్‌ను తీసి పెట్టింది. బంగారు పతకం చేజారిన నిమిషంలో. పిల్లలకు చూపించదగ్గ వీడియో అది.

ఇంకో చిక్కుంది, దీన్ని కోచ్‌లు కూడా ఒప్పుకుంటారు. పదకొండు, పన్నెండేళ్ల వయసులో గెలిచేది చాలాసార్లు నైపుణ్యం కాదు, ఎదుగుదల. ఒకే తరగతి పిల్లల్లో ఒకడు నాలుగు అంగుళాలు ముందే సాగి ఉంటాడు, మరొకడు పదో తరగతిలో గాని సాగడు. ఒకే ఏడాది పుట్టినా జనవరి పిల్లవాడికీ డిసెంబరు పిల్లవాడికీ మధ్య దాదాపు ఏడాది తేడా. కెనడాలో మేటి ఐస్ హాకీ కుర్రాళ్ల పుట్టినతేదీలను 1980లలో పరిశీలించిన రోజర్ బార్న్‌స్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తకు, ఏడాది తొలి మూడు నెలల్లో పుట్టినవాళ్లే మిగతా నెలలవాళ్లకన్నా ఎక్కువగా కనిపించారు. అక్కడ వయసు లెక్కకు జనవరి 1 గీత. పెద్దగా ఉన్నవాణ్ని చిన్నప్పుడే ఎంపిక చేశారు, వాడికి మంచి కోచ్‌నిచ్చారు, ఎక్కువ ఆటలాడించారు. చివరికి వాడే మెరుగయ్యాడు. మిగిలినవాళ్లలో ఎవరు ఎంతవాళ్లయ్యేవారో చూసే అవకాశమే రాలేదు. అండర్-11 గెలుపును చూసి పిల్లలను ఏరుకునే చోటల్లా ఈ నష్టం జరుగుతూనే ఉంటుంది.

పతకాల మీద ఆశ ఉన్న దేశాలే ఈ విషయంలో ముందు మేలుకున్నాయి. నార్వే జనాభా హైదరాబాదు జనాభాకన్నా తక్కువ. ఆ దేశం పిల్లల క్రీడలకు 1987లో నియమాలు రాసుకుని, 2007లో వాటిని సవరించుకుంది. పదకొండేళ్లు వచ్చే ఏడాదిదాకా పిల్లల పోటీల్లో ఫలితాల పట్టికలు, ర్యాంకులు ఉండవు. పదమూడు వచ్చేదాకా జాతీయ చాంపియన్‌షిప్‌లు ఉండవు. పన్నెండేళ్లలోపు పిల్లల పోటీలో బహుమతులిస్తే అందరికీ ఇవ్వాలి. ఇలా పెంచితే మెత్తబడిపోతారన్న భయానికి ఆ దేశమే జవాబు. 2018 శీతాకాల ఒలింపిక్స్‌లో 39 పతకాలు, 2022లో 16 స్వర్ణాలు. మంచుదేశం కదా అనుకుంటే, టోక్యోలో 400 మీటర్ల హర్డిల్స్‌ను 45.94 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు పెట్టిన కార్స్‌టెన్ వార్‌హోమ్ కూడా నార్వేవాడే.

జూడో పుట్టిల్లు జపాన్. టోక్యో ఒలింపిక్స్‌లో ఒక్క జూడోలోనే తొమ్మిది స్వర్ణాలు గెలిచింది. ఆ మరుసటి ఏడాదే, 2022 మార్చిలో, అక్కడి జూడో సమాఖ్య ప్రాథమిక పాఠశాల పిల్లల జాతీయ పోటీని రద్దు చేసింది. బరువు తరగతిలో ఇమడ్చడానికి పదేళ్ల పిల్లలను తిండి తగ్గించమంటున్నారని, బరి బయట నుంచి తల్లిదండ్రులు, కోచ్‌లు రిఫరీల మీద అరుస్తున్నారని కారణం చెప్పింది. పతకాలు లేక చేసిన పని కాదది.

జర్మనీ ఫుట్‌బాల్ సమాఖ్య చేసింది ఇంకా ముచ్చటగా ఉంది. 2024-25 సీజను నుంచి అక్కడ చిన్న పిల్లలకు లీగ్ పట్టికలు లేవు. అందరికన్నా చిన్నవాళ్లకు పెద్ద మైదానం బదులు చిన్న చిన్న మైదానాలు, జట్టుకు ఇద్దరో ముగ్గురో, నాలుగు చిన్న గోల్‌పోస్టులు. గోల్ పడగానే రెండు జట్లలోనూ ఒకరు బయటికి, బెంచీ మీదివాడు లోపలికి. కాబట్టి బెంచీకే పరిమితమయ్యే పిల్లవాడు ఉండడు. ఒక ఆట ముగిశాక గెలిచిన జట్టు పక్క మైదానానికి పైకి, ఓడిన జట్టు కిందికి జరుగుతుంది. రెండు మూడు ఆటలయ్యేసరికి సమ ఉజ్జీలు సమ ఉజ్జీలతో తలపడుతుంటారు. పెద్ద పెద్ద సమావేశాలు పెట్టి, సంవత్సరాలు ఆలోచించి వాళ్లు చేరిన చోటు మన వీధిపిల్లలు ఎప్పటినుంచో నిలబడి ఉన్న చోటే.

మన దగ్గర మొదలుపెట్టడానికి సమాఖ్యల నిర్ణయాలదాకా ఆగక్కర్లేదు. మండలస్థాయి పాఠశాల క్రీడలనే చూడండి. ఖోఖో, కబడ్డీ, వాలీబాల్ పోటీలకు పిల్లలు పొద్దున్నే ఆటోల్లో, ఆర్టీసీ బస్సుల్లో వస్తారు. నెలరోజులుగా బడి అయ్యాక సాధన చేసి, ఒకే రంగు బనియన్లు సంపాదించుకుని వస్తారు. చాలాచోట్ల పోటీ నాకౌట్. ఒక్క మ్యాచ్ ఓడితే అయిపోయినట్టే. పదహారు జట్లు వస్తే ఎనిమిది జట్లు ఒక్క ఆటతోనే తిరుగు ప్రయాణం కడతాయి. కొన్నిటికి ఆ ఆట ఇరవై నిమిషాలైనా సాగదు. పదిహేను మ్యాచ్‌లతో పని ముగుస్తుంది కాబట్టి నిర్వాహకులకు అది సులువు. అవే పదహారు జట్లను నాలుగేసి చొప్పున నాలుగు గ్రూపులు చేస్తే ఓడినా గెలిచినా ప్రతి జట్టూ మూడు ఆటలు ఆడుతుంది. సెమీఫైనళ్లు, ఫైనల్ కలిపి 27 మ్యాచ్‌లవుతాయి. అదనంగా కావలసింది ఇంకో రోజు, పక్కన సున్నంతో గీసిన మరో కోర్టు, మరికొందరు వ్యాయామ ఉపాధ్యాయులకు డ్యూటీ, పిల్లలకు ఇంకో పూట భోజనం. జట్టుతో వచ్చిన అందరినీ ఒక్కసారైనా బరిలోకి దించాలన్న షరతు కూడా పెడితే, పన్నెండో ఆటగాడిగా వచ్చిన పిల్లవాడు బనియను ఇస్త్రీ నలగకుండా ఇంటికి వెళ్లాల్సిన పని ఉండదు. మండల పోటీలకు ముందు ఉపాధ్యాయులంతా కూర్చుని డ్రా తీస్తారు. ఈ ఏడాది ఆ కాగితం మీద గీతలు గీసేముందు ఈ మాట ఒకసారి ప్రస్తావనకు రావాలని మా కోరిక.